అడిగి తీసుకోవలసిన దేహం

ఈ శీర్షికలో మనం సాధారణంగా పండుగలను గురించి, పద్యాలను గురించి, పూర్వులు వచ్చిన ఓడలను గురించి చదువుకొంటాము. ఈసారి నేను శవాలను గురించి వ్రాస్తున్నాను. పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించే తల్లిదండ్రులు ముందుగా తాము చదువుకొని, ఆ తరువాత పిల్లలకు వినిపించండి. వినిపించకుండా మాత్రం ఉండకండి. వైద్య విద్యలో ప్రవేశం పొందిన పిల్లలకు మనం ప్రతి ఏడూ ఆలయంలో శాలువా కప్పి ఆశీర్వదిస్తున్నాము. ఆ బిడ్డలు ఎవరి దేహం మీద విద్య నేర్చుకొంటారో మనలో ఒక్కరమూ ఇంతవరకు అడగలేదు.

నేను కూడా అడగలేదు. నా చేత అడిగించినవాడు ఒక తెలుగువాడు.

దక్షిణాఫ్రికాలో ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆరు సంవత్సరాలు నేను సౌదీ అరేబియాలో, రియాద్ నగరంలో, వైద్య కళాశాలలో చేరబోయే విద్యార్థులకు ఆంగ్లం బోధించాను. శరీర భాగాల పేర్లు అభ్యాసం చేయించడానికి ఒకనాడు వారిని శరీరశాస్త్ర ప్రదర్శనశాలకు తీసుకొనివెళ్లాను. గాజు జాడీలలో గుండె, మూత్రపిండం, మెదడు. పక్క గదిలో ద్రవంతో పని లేని నమూనాలు, పొడిగా, వాసన లేకుండా, చేతితో పట్టుకొని చూడదగినవి. అందులో ఒకటి మోచేతి నుండి వ్రేళ్ల వరకు ఉన్న కుడి చేయి.

విద్యార్థులు వెళ్లిపోయిన తరువాత నేల తుడుస్తున్న కార్మికుడు నా సంచి మీద ఉన్న తెలుగు అక్షరాలు చూసి పలకరించాడు. ఆయనది జగిత్యాల ప్రాంతం.

"సారూ, మీకు తెలుగు వస్తదా?"

"వచ్చును. సాయంకాలపు తరగతులలో నేర్చుకొంటిని," అన్నాను. నా తెలుగు ఆయనకు పాఠ్యపుస్తకంలా వినిపించి ఉండాలి. నవ్వాడు. ఆ తరువాత ఆ చేతిని చూపించి నవ్వకుండా అడిగాడు.

"గీ చెయ్యి ఎవలిది సారూ? గా మనిషికి ఇంటోళ్లు లేరా?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆయన మరొక ప్రశ్న వేశాడు. "రేపు నాకేమన్న అయితే నన్ను గూడ గిట్లనే పెడ్తరా?"

అలా జరగదని ఆయనకు ధైర్యం చెప్పాను. కాని మరునాడు ఆ కళాశాల కార్యాలయానికి వెళ్లి, ఆ చేయి ఎవరిదని అడిగాను. అధికారి మర్యాదస్థుడు. పట్టిక తెరిచి చూపించాడు. అందులో వస్తువు సంఖ్య ఉన్నది, కొన్న తేదీ ఉన్నది, ధర ఉన్నది. మనిషి పేరు లేదు, దేశం లేదు, ఆ మనిషి సమ్మతించినట్లు ఒక్క కాగితం లేదు. "పెట్టెతో పాటు ఆరోగ్య ధ్రువపత్రం వచ్చింది," అన్నాడు. అంటే ఆ చేతి వల్ల మనకు రోగం రాదన్న హామీ ఉన్నది. ఆ చేయి గలవాడికి మన వల్ల అన్యాయం జరగలేదన్న హామీ లేదు.

నా వాదం ఏమిటో ఇక్కడే చెప్పివేస్తాను. వైద్య విద్యకు మానవ దేహం అవసరం. దానిని భద్రపరచడం పాపం కాదు. కాని అడగకుండా తీసుకొన్న దేహం మీద నేర్పే విద్య దొంగసొమ్ముతో చేసిన దానం వంటిది. అడిగితే ఇవ్వవలసిన బాధ్యత నుండి తప్పించుకొని, ఆ విద్య ఫలాన్ని మాత్రం అనుభవించే మనం ఆ దొంగతనంలో భాగస్వాములం.

శవాన్ని కోసి చూడడమే మన సంప్రదాయానికి విరుద్ధమనేవారు సుశ్రుత సంహితలోని శారీరస్థానం చూడాలి. విషం వల్లగాని దీర్ఘరోగం వల్లగాని మరణించని, అవయవాలన్నీ ఉన్న దేహాన్ని ఎన్నుకొని, ప్రేగులలోని మలినం తొలగించి, ముంజగడ్డి, దర్భ, నార వంటివాటితో చుట్టి, పంజరంలో పెట్టి, ప్రవాహంలో మరుగైన చోట ఉంచాలి. ఏడు రాత్రుల తరువాత బాగా నానిన దేహాన్ని వట్టివేరు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలు ఒక్కొక్క పొరను కంటితో చూడాలి. కంటితో చూసినదీ శాస్త్రంలో చదివినదీ రెండూ కలిసినప్పుడే జ్ఞానం పెరుగుతుందని ఆ ఆచార్యుని బోధ. ఇంతకంటె స్పష్టమైన అనుమతి ఏమి కావాలి?

సుశ్రుతుడు దేహాన్ని కుళ్లనిచ్చి చూశాడు. నేటివారు కుళ్లకుండా ఆపి చూస్తున్నారు. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మన్ వైద్యుడు ఫార్మాలిన్ కణజాలాన్ని గట్టిపరుస్తుందని కనుగొన్నాడు. ఆ ద్రవమే వంద సంవత్సరాలకు పైగా ప్రపంచంలోని శరీరశాస్త్ర శాలలను ఏలుతున్నది. దాని ఘాటు కన్నులను మండిస్తుంది. అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. 1977లో హైడెల్‌బర్గ్‌లో గుంటర్ ఫాన్ హేగెన్స్ ప్లాస్టినేషన్ అనే మరొక పద్ధతిని కనిపెట్టాడు. దేహభాగాన్ని ముందు ఫార్మాలిన్‌తో స్థిరపరుస్తారు. తరువాత అతిశీతలమైన అసిటోన్‌లో ముంచి అందులోని నీటినీ కొవ్వునూ తొలగిస్తారు. ఆపైన శూన్యపీడనంలో అసిటోన్‌ను ఆవిరిగా లాగివేస్తూ, దాని చోట సిలికోన్‌ను ప్రవేశపెట్టి గట్టిపరుస్తారు. నేను రియాద్‌లో చూసిన చేయి అటువంటిది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పూర్వం విద్యార్థులు కోసి చూసిన శవానికి ఒక ముగింపు ఉండేది. సంవత్సరం చివర దానిని పూడ్చేవారు లేదా దహించేవారు. ప్లాస్టినేషన్ చేసిన దేహానికి ఆ ముగింపు లేదు. అది దశాబ్దాల తరబడి అలమారాలో నిలుస్తుంది. నమూనా ఎంతకాలం నిలుస్తుందో, దాని వెనుక జరిగిన తప్పు కూడా అంతకాలం నిలుస్తుంది. అందుచేత భద్రపరిచే విద్య పెరిగినకొద్దీ, అనుమతి అడిగే బాధ్యత కూడా పెరగాలి. జరిగినది అందుకు విరుద్ధం.

చరిత్ర చూడండి. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారుగురిని చంపి, ఆ శవాలను శరీరశాస్త్ర బోధకునికి అమ్మిన సంగతి బయటపడింది. దానికి ఇంగ్లీషువారు చేసిన చికిత్స 1832 నాటి చట్టం. దిక్కులేని బీదల ఆశ్రమాలలో చనిపోయి, ఎవరూ అడగని శవాలను కళాశాలలకు ఇచ్చే చట్టం అది. హత్య ఆగింది, కాని బల్ల మీద పడుకొన్నది బీదవాడే. ఆ చట్టపు నీడ భారతదేశం మీద కూడా పడింది. 1949 నాటి బొంబాయి శరీరశాస్త్ర చట్టం కూడా ఎవరూ అడగని శవాలనే చూపించింది. కలకత్తా కేంద్రంగా ప్రపంచంలోని వైద్య విద్యార్థులకు భారతీయుల అస్థిపంజరాలను అమ్మే వ్యాపారం సాగింది. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ ఎముకలలో ధనికుల ఎముకలు ఎన్ని ఉండి ఉంటాయి? 2008లో న్యూయార్క్‌లో, చైనా నుండి తెచ్చిన దేహాలను ప్రదర్శించిన ఒక సంస్థ, అవి మరణశిక్ష పడిన ఖైదీలవి కావని తాము నిరూపించలేమని చూపరులకు తెలియజేయడానికి ఒప్పుకోవలసివచ్చింది. మన దేశంలోనే కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం, సదర్లాండ్ సమాధుల నుండి అన్యాయంగా తెచ్చుకొన్న తొమ్మిదిమంది అస్థికలను 2023లో వారి సంతతికి అప్పగించి, మళ్లీ భూస్థాపితం చేయించింది.

ఇక సౌదీ అరేబియా సంగతి. ఆ దేశాన్ని నిందించడానికి నేను కలం పట్టలేదు. ఆరేళ్లు నాకు అన్నం పెట్టిన దేశం అది. మృతదేహాన్ని గౌరవించడంలో ఇస్లాం ఎవరికీ తీసిపోదు. కాని 1976లో అక్కడి ఉన్నత పండితుల మండలి చేసిన నిర్ణయాన్ని ప్రశ్నించక తప్పదు. నేర విచారణకు, వ్యాధుల పరిశీలనకు శవపరీక్షను మండలి అనుమతించింది. బోధన కోసం కోయడంలో మేలున్నదని కూడా ఒప్పుకొన్నది. కాని తమ ధర్మశాస్త్రపు రక్షణ వర్తించని ఇతరుల శవాలు లభిస్తున్నాయి కాబట్టి, వాటితోనే సరిపెట్టుకొని, రక్షణ గల దేహాల జోలికి పోవద్దని చెప్పింది. అక్కడి కళాశాలలు విదేశాల నుండి దేహాలను తెప్పించుకొనడం అలవాటు చేసుకొన్నాయి.

ఆ తర్కాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. దేహం పవిత్రం, అందుచేత ఇతరులది తెండి! పవిత్రత నిజమైతే అది సరిహద్దు దగ్గర ఆగదు.

అక్కడే మరొక ద్వారం కూడా తెరుచుకొన్నదని చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను. 1987లో మక్కాలో సమావేశమైన ఇస్లామీయ ధర్మశాస్త్ర పరిషత్తు, మరణించినవారు జీవించి ఉన్నప్పుడు సమ్మతించినా, తరువాత వారసులు సమ్మతించినా, అవసరమైనంత మేరకు బోధన కోసం దేహాన్ని కోయవచ్చునని తీర్మానించింది. అవయవదానాన్ని సౌదీ పండితులు 1982లోనే అనుమతించారు. 2021లో రాజు సల్మాన్, యువరాజు స్వయంగా అవయవదాతలుగా పేర్లు నమోదు చేసుకొన్నారు. ద్వారం ఉన్నది. నడవవలసినవారే కావాలి.

ఇప్పుడు అద్దం మన వైపు త్రిప్పుతాను. మనవారి ఇళ్లలో నేను వినే మాట ఏమిటి? "మా నాన్నగారికి దహనం, అస్థి నిమజ్జనం, పదమూడవ రోజు అన్నీ సక్రమంగా జరగాలి. మా అబ్బాయి మాత్రం డాక్టరు కావాలి." మన శవానికి మంత్రం, ఎవరి శవానికో ఫార్మాలిన్. 1976 నాటి పండితుల తర్కానికీ దీనికీ భేదం ఏమున్నది? వారు దానిని వ్రాసి సంతకం పెట్టారు. మనం వ్రాయకుండా ఆచరిస్తున్నాము.

కొందరు అంటారు, "ఇప్పుడు కంప్యూటరు బల్లలు, ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి కదా, నిజమైన దేహం ఎందుకు?" బొమ్మలన్నీ ఒకే అచ్చు. మనుషులు ఒకే అచ్చు కారు. ఒకరి ధమని చీలే చోట మరొకరి ధమని చీలదు. ఆ తేడా తెలియని చేయి కత్తి పట్టుకొంటే, ఆ కత్తి క్రింద పడుకొనేది మీరూ నేనూ.

మరికొందరు అంటారు, "అంత్యేష్టి లేనిదే ఆత్మకు శాంతి లేదు." వజ్రాయుధం కోసం తన ఎముకలను అడిగితే ఇచ్చిన దధీచికి ఏ గతి పట్టింది? మనం ఆయనను మహర్షి అంటున్నాము. గమనించండి, దేవతలు కూడా ఆయన ఎముకలను దొంగిలించలేదు. వెళ్లి అడిగారు. పైగా దేహం తిరిగి వచ్చిన తరువాత కర్మ చేయడానికి ఏ శాస్త్రం అడ్డు వస్తుంది? మన తెలుగువాడైన సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో మరణించినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్య సంస్థకు బోధన కోసం అప్పగించారు. ఆయన రాజకీయాలతో మీకు పొత్తు కుదరకపోవచ్చు. ఆయన ఇచ్చినది మాత్రం ఏ పార్టీ విద్యార్థికైనా ఒకే పాఠం చెబుతుంది.

మూడవ అభ్యంతరం అన్నిటికంటె బలమైనది. "బీదవాడి చేత సంతకం పెట్టించడం ఎంత తేలిక! కాగితం ఉంటే చాలునా?" చాలదు. వేలిముద్ర అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1860 నుండి 1911 వరకు నాటాలుకు వచ్చిన 1,52,184 మంది ఒప్పంద కూలీలలో మా ముత్తాత ఒకడు. విశాఖపట్నం జిల్లావాడు. చదవలేని కాగితం మీద వ్రేలు ఒత్తి చెరకు తోటకు వచ్చాడు. అందుచేత నేను డబ్బు చేతులు మారని సమ్మతిని, తన భాషలో చదివి వినిపించిన సమ్మతిని, కాదంటే నష్టం లేనివాడు ఇచ్చిన సమ్మతిని మాత్రమే సమ్మతి అంటాను.

ఓడ పట్టికలో మా ముత్తాత వివరాలను నేను చూశాను. ఒక సంఖ్య, దాని ప్రక్కన ఆయన పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం, దేహం మీద ఉన్న మచ్చ. ఆయనను పశువులా ఎంచి ఓడ ఎక్కించినవారు కూడా ఆయన తండ్రి పేరు వ్రాశారు. రియాద్‌లోని ఆ చేతికి తండ్రి పేరు లేదు. చెరకు తోట యజమానుల పట్టిక కంటె ఒక విద్యాలయపు పట్టిక నీచంగా ఉండవచ్చునా?

నేను కోరేవి మూడు. మొదటిది, వైద్య విద్యలో చేరే మన పిల్లలు మొదటి రోజున వినయంగా ఒక ప్రశ్న అడగాలి: "ఈ దేహం ఇచ్చినదా, తీసుకొన్నదా?" మన దేశపు 2003 నాటి జాతీయ ఆరోగ్య చట్టం దానానికి దారి చూపిస్తూనే, ఎవరూ అడగని శవాలకు కూడా తలుపు తెరిచి ఉంచింది. అందుచేత ఆ ప్రశ్న ఇక్కడ కూడా అవసరమే. రెండవది, ప్రతి నమూనా ప్రక్కన సమ్మతి పత్రం ఉండాలి. అది లేనిదానికి అంత్యక్రియలు జరగాలి. మూడవది, మన ఆలయ కార్యాలయంలో వివాహ పత్రాల ప్రక్కన దేహదాన పత్రాలు కూడా ఉండాలి. దేహం వెంటనే చితికి చేరని ఇంట్లో ఏ కర్మ ఏ విధంగా చేయాలో మన పురోహితులు కూర్చొని నిర్ణయించాలి.

చెప్పేవాడు చేయాలి కదా. నేను పత్రం మీద సంతకం చేశాను. నా కుమారుడు మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. తరువాత ఒకనాటి రాత్రి ఫోను చేసి, "నాన్నగారూ, ఆ కాగితంలో సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. కోపం పోయిందని నేను అనుకోవడం లేదు. సంతకం మాత్రం పెట్టాడు.

జగిత్యాల సోదరుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఆ దేశంలో దహనానికి అనుమతి లేదు. పరాయి కూలీ మరణిస్తే దేహం ఇంటికి చేరడానికి వారాలు పడుతుంది. అది ఆయనకు నాకంటె బాగా తెలుసు. అయినా ఆయన ముందుగా అడిగినది తనను గురించి కాదు. ఆ చేతికి ఇంటివారు లేరా అని అడిగాడు. నేను ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇదే. ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు.