బాల సైనికుల నివారణ: ఇచ్చిన మాట అమలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయ కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టర్ గారి ద్వారా సమర్పించు వినతి

విషయం: సాయుధ ఘర్షణల్లో బాలల వినియోగాన్ని నిరోధించే ఐచ్ఛిక ప్రోటోకాల్ అమలు గురించి.



ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ఊళ్లు ప్రభుత్వ అండ ఉన్న సల్వాజుడుం, మావోయిస్టుల పోరులో ఖాళీ అయినప్పుడు గొత్తికోయ కుటుంబాలు మా ప్రాంతపు అడవులకు తరలివచ్చాయి. మావోయిస్టు దళాల్లోనూ, ప్రత్యేక పోలీసు అధికారుల్లోనూ మైనర్లు ఉన్నారని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో నివేదించింది. ఏ పక్షాన్నీ వెనకేసుకురాలేదు. ఆ ప్రత్యేక అధికారులను మావోయిస్టు వ్యతిరేక చర్యల్లో వాడవద్దని 2011 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

హ్యూమన్ రైట్స్ వాచ్ వంటి సంస్థలకు ప్రభుత్వాల మీద అధికారమేమీ లేదు. అయినా 1998లో ఆమ్నెస్టీ, సేవ్ ది చిల్డ్రన్ సహా ఆరు సంస్థలు ఒక కూటమిగా ఏర్పడి బాల సైనికుల వినియోగంపై సాక్ష్యాలు సేకరించాయి. సానుకూల దేశాలను కూడగట్టాయి. ససేమిరా అన్న దేశాలను నలుగురిలో జవాబు అడిగాయి. పదిహేడేళ్లవారిని పోరుకు పంపే వెసులుబాటు కావాలని పట్టుబట్టిన అమెరికా చివరికి 2000 జనవరిలో మెత్తబడింది. అదే ఏడాది మే 25న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రోటోకాల్‌ను ఆమోదించింది. నేపాల్ మావోయిస్టు సైన్యంలో మైనర్లుగా తేలిన 2,973 మంది విడుదలకు ఒప్పందం కుదిరింది కూడా ఇలా లెక్క తేల్చి, వదలకుండా అడిగినందువల్లే.

బయటి సంస్థలు ఇలా అడగడాన్ని విదేశీ జోక్యమనడం న్యాయం కాదు. ప్రోటోకాల్‌ను 2005 నవంబరులో ధ్రువీకరించింది భారత ప్రభుత్వమే. మేము ఆ మాటనే గుర్తుచేస్తున్నాం.

మా డిమాండ్లు:

1. సైన్యంలో చేరే కనీస వయసును పదిహేడున్నర నుంచి 18 ఏళ్లకు పెంచాలి. ప్రోటోకాల్ నాలుగో అధికరణం సాయుధ ముఠాలకు విధించిన హద్దు 18. ప్రభుత్వం తనకూ అదే హద్దు పెట్టుకుంటే ఎదుటివారిని నిలదీసే బలం పెరుగుతుంది.

2. వలస కుటుంబాల పిల్లలందరికీ జనన ధ్రువీకరణ పత్రాలు ఇవ్వాలి. ఇది మాకు అన్నిటికంటే ముఖ్యం. వయసు రుజువు లేని బిడ్డను ఎవరైనా మేజరని చెప్పి చేర్చుకోవచ్చు. పట్టుబడితే మేజరుగానే జైలుకూ పంపవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి తెలంగాణలో పెరుగుతున్న పిల్లల విషయంలో ఏ రాష్ట్రం ఇవ్వాలన్న వాదనతో ఏళ్లు గడవకూడదు. కేంద్రం రెండు రాష్ట్రాలను కూర్చోబెట్టి, ఆవాసాలకే సిబ్బందిని పంపించాలి. బడిలో చేర్చుకోవడానికి మాత్రం ఆ పత్రాల కోసం ఆగకూడదు.

3. బాల న్యాయ చట్టం, 2015లోని 83(1) సెక్షన్ కేంద్రం ప్రకటించిన మిలిటెంట్ సంస్థల గురించే చెబుతోంది. ప్రభుత్వ అండతో నడిచే దళాలను కూడా అందులో స్పష్టంగా చేర్చాలి.

4. దళాల నుంచి బయటపడ్డ పిల్లలను బాలల సంక్షేమ సమితికి అప్పగించాలి. లొంగుబాటు సభల్లో విలేకరుల ముందు నిలబెట్టరాదు. గుర్తింపు బయటపెట్టడం అదే చట్టంలోని 74వ సెక్షన్‌కు విరుద్ధం. పైగా ఆ ఫొటో పిల్లవాడి ప్రాణం మీదికి తేవచ్చు.

5. 2015 నాటి సురక్షిత పాఠశాలల ప్రకటనపై భారత్ సంతకం చేయాలి. బలగాలు బడిలో మకాం వేస్తే అది ఎదుటి పక్షానికి గురి అవుతుంది.

6. ఐరాస బాలల హక్కుల కమిటీకి నివేదిక పంపేముందు మా వంటివారి వాదన వినాలి. బయటి సంస్థలు వేసే ప్రశ్నలకు జిల్లాల వారీ లెక్కలతో బదులివ్వాలి. సాయుధ ఘర్షణల్లో బాలల గురించి ఐరాస ప్రధాన కార్యదర్శి ఇచ్చే వార్షిక నివేదికలో 2023 నుంచి భారత్ పేరు లేదు. అది సంతోషమే. ఆ లెక్కలు బయటపెట్టడానికి ఇక సంకోచమెందుకు?

వీటిలో వేటిని అంగీకరిస్తున్నారో, ఎప్పటిలోగా అమలు చేస్తారో, అంగీకరించని వాటికి కారణమేమిటో మూడు నెలల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
భద్రాచలం ఏజెన్సీ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు