కొంగు చాటున కాసేపు

"ఏకాంత ప్రార్థన అంటారు గానీ వదినా, మన కొంపల్లో ఏకాంతమెక్కడిది?" అని మా చర్చి స్త్రీల సమాజంలో ఒకావిడ అడిగింది. నిజమే కదండీ! తెల్లారితే పాలు, మోటారు, టిఫిను, క్యారేజీలు. బాత్రూములో ఉన్నా "అమ్మా, నా సాక్సులేవి?" అని తలుపు కొడతారు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం ఓసారి తీసి చూడండి. కపెర్నహూములో సీమోను అత్తగారికి జ్వరం. ప్రభువు బాగు చెయ్యగానే ఆవిడ లేచి వాళ్లకు ఉపచారం మొదలుపెట్టింది (ఆడవాళ్లం ఎక్కడైనా అంతే!). పొద్దుగూకేసరికి ఊరు ఊరంతా ఆ వాకిట్లోనే. అంత పని చేసి కూడా మర్నాడు ఇంకా చీకటుండగానే ఆయన లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకున్నారు. అక్కడికీ సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చేశారు, అందరూ మీకోసం చూస్తున్నారంటూ. ఆయనకే తప్పలేదు, మనమెంత?

ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో సుసన్నా వెస్లీ (1669–1742) అని ఒక పాదిరిగారి భార్య ఉండేది. 19 మందిని కంటే 9 మంది పసితనంలోనే పోయారు. భర్త 1705లో అప్పుల కింద జైలుకెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. ఆ తల్లికి వేరే ప్రార్థన గది ఎక్కడిది? నడుముకి కట్టుకున్న ఏప్రన్‌నే తల మీదికి కప్పుకుని కూర్చునేదని చెప్పుకుంటారు. ముసుగేసుకుందంటే అమ్మని కదిలించకూడదని పిల్లలకి తెలుసట. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, వేల కీర్తనలు రాసిన చార్లెస్ ఆ పిల్లలే.

మనకి ఏప్రన్ లేకపోతేనేం, కొంగుంది కదా అనుకున్నాను. పోయినేడాది నుంచి పప్పు డబ్బాలుండే చిన్న గదిలో పీట వేసుకుని పావుగంట కూర్చుంటున్నాను. మొదట్లో కళ్లు మూస్తే చాలు, ఇడ్లీ పిండి, గ్యాసు బుకింగు, చాకలి పద్దు. పక్కనే కాగితం, పెన్సిలు పెట్టుకోండి. గుర్తొచ్చిన పని రాసి పడేస్తే మనసు ఊరుకుంటుంది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. నా విన్నపాలన్నీ అయిదు నిమిషాల్లో అయిపోయేవి. మిగతా పది నిమిషాలూ ఏం చెయ్యాలి? ఊరికే కూర్చుంటే మా అక్క గుర్తొచ్చేది. అమ్మ గాజుల దగ్గర మాటా మాటా వచ్చి రెండేళ్లుగా మాకు మాటల్లేవు. ఆ రెండేళ్లూ నేను కూటాల్లో కుటుంబాల సమాధానం కోసం గట్టిగా, చక్కగా ప్రార్థన చేస్తూనే ఉన్నాను సుమండీ! అందరూ ఆమేన్ అనేవారు కూడా. నలుగురిలో అయితే మాటలు పేర్చుకుంటాం. తలుపేసుకున్నాక ఎవరి కోసం పేరుస్తాం? "అక్కదే తప్పు" అని ఆ గదిలో నాలుగు రోజులు వాదించాను. అయిదో రోజు ఆ మాట నా నోటికి రాలేదు.

ఆ రోజే ఫోను చేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఏమేవ్, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అంది. ఇద్దరం ఏడ్చాం. గాజుల సంగతి ఇంకా తేలలేదనుకోండి. తను మాత్రం ఈ నెలాఖరుకి వస్తానంది, దోసావకాయ పెట్టి ఉంచమంది. ముక్కలు తరగాలి, ఉంటాను.