ఇంకో బకెట్ వేస్తే అయిపోద్దా?

ఆక్లాండ్ వచ్చిన మనవాళ్ళు ఏదో ఒక ఆదివారం మౌంట్ ఈడెన్ ఎక్కి ఫొటో దిగకుండా ఉండరు. 196 మీటర్ల ఆ కొండకు మావోరీ పేరు మౌంగాఫౌ. చుట్టూ మెట్లుమెట్లుగా ఉన్నవి వాన కోసిన గట్లు అనుకుంటాం. చాలాకాలం మేమూ అలాగే అనుకున్నాం. కానీ అవి మనుషులు తవ్వినవి. ఇనుము ఎరగని రోజుల్లో, కర్ర గునపాలతో కొండను చెక్కి, ఇళ్ళకు చదును చేసుకున్నారు. ఇలాంటి కోటను 'పా' అంటారు. కందకం తీసి, ఆ మట్టితోనే కట్ట పోసి, పైన దుంగల దడి కట్టేవారు. అక్కడి గుంటలు చిలగడదుంపలు దాచుకున్న పాతర్లు, మన జొన్నల పాతర్ల లాంటివే. లెవెల్ మెషీన్ పట్టుకుని బతికే మాకు ఆ పని చూస్తే ముచ్చటేస్తుంది.

అన్ని కొండలకూ ఈ అదృష్టం లేదు. వీరి దగ్గరి మటుకుటురురును రైలు పట్టాల కంకర కోసం తవ్వి దాదాపు ఏమీ మిగల్చలేదు.

2014 చట్టం ప్రకారం 1900కు ముందటి మనిషి జాడ ఉన్న చోటును, రికార్డులో లేకపోయినా సరే, హెరిటేజ్ న్యూజిలాండ్ అనుమతి లేకుండా కదిలిస్తే నేరం.

ఒక సైట్లో మేం పునాది తీస్తుంటే నల్లమట్టిలో ఆల్చిప్పల పొర తగిలింది. "అన్నా, ఇంకో బకెట్ వేస్తే అయిపోద్ది, ఎవడు చూస్తాడు?" అన్నాడు మాలో ఒకడు. వాణ్ణి తిట్టలేకపోయాం. మిషన్ ఆగితే గంటలు పోతాయి, ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. వీసా ఒకే యజమానికి ముడిపడినవాడికి భయం మరీ ఎక్కువ. అయినా ఆపాం. నాలుగు రోజుల జీతం మావాళ్ళకు రాలేదు.

మా అభ్యంతరం ఇక్కడే. ఆపమనడం న్యాయమే, ఆగిన నష్టం కూలివాడి నెత్తిన వేయడం మాత్రం అన్యాయం. వానరోజులకు లెక్క వేసుకున్నట్టే కాంట్రాక్టులో ఈ రోజులకీ డబ్బు పక్కన పెట్టాలి. లేదంటే రేపు ఇంకెవరో నోరు మూసుకుని ఆ బకెట్ వేసేస్తారు.

మన అమరావతిలో జరిగింది అదేగా! దీపాలదిన్నె అని పిలిచిన దిబ్బను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో కట్టడాల రాళ్ళ కోసం తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే రాళ్ళు లేచిపోతున్నాయి. అది మహాస్తూపం. ఆ శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే ఇవాళ చెన్నైకో లండన్‌కో పోవాలి. ఆ రోజు పలుగు పట్టినవాళ్ళూ మనలాంటి కూలీలే, వాళ్ళకు చెప్పిన నాథుడు లేడు.

చిప్పలు, బొగ్గు, కాలిన రాళ్ళు కనబడితే బకెట్ దింపి సూపర్‌వైజర్ని పిలవండి. మనిషి ఎముక అయితే పోలీసులకూ చెప్పాలి. సూపర్‌వైజరే "పూడ్చెయ్" అంటే హెరిటేజ్ న్యూజిలాండ్ ఆఫీసుకు మీరే ఫోన్ చేయొచ్చు.