మొగిలి ఘాట్ ఎక్కేముందు

ఎండాకాలములో రోగులను కార్లలో వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తీసుకొనిపోయే పలమనేరు, పుంగనూరు విశ్వాసులకు ఈ నెల ఒక మాట చెప్పదలచాము.

కెనడాలో చలికాలపు రాత్రులు కారుకు కరెంటు తగిలించి ఇంజనును వెచ్చబెడతారు. మన బాధ వేరు. తిరుగు ప్రయాణములో చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను కాగిపోతుంది. వేడి ముల్లు పైకి పోతే బండి పక్కకు తీసి ఆపండి. రోగి ఉన్నారని తొందరపడి రేడియేటరు మూత తీయవద్దు! మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. తీసిన క్షణమే మరిగి ముఖము మీదికి చిమ్ముతుంది. అరగంటకు పైగానైనా సరే, పూర్తిగా చల్లారనివ్వండి. ప్రార్థనకు మంచి సమయమే.

బయలుదేరకముందే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నీటిమట్టము, గొట్టములు, ఫ్యాను చూచుకొనుట మేలు. సామెతలు 22:3 బండ్లకు కూడా వర్తించునని మా అభిప్రాయము. మన బోరునీళ్లు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది. కంపెనీవారు చెప్పిన కూలెంటే పోయించండి. పాత కూలెంటును తొట్టిలో వదలవద్దు. అది తియ్యగా ఉండే విషము. పసిపిల్లలు, దూడలు, కుక్కలు తాగితే ప్రాణమే పోవచ్చును.