ఇంజిన్ ఆపితే ఏసీ ఆగుతుంది: లారీ క్యాబిన్‌కు కావలసిన చిన్న సోలార్

మే నెల మధ్యాహ్నం విజయవాడ, రాజమండ్రి మధ్య జాతీయ రహదారి పక్కన ఏ దాబా దగ్గర ఆగినా ఒకే దృశ్యం. చెట్టు నీడ దొరికిన లారీలు రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ ఎండలోనే. కొందరు డ్రైవర్లు లారీ కిందే, చక్రాల మధ్య దుప్పటి పరుచుకుని పడుకుంటారు. కొందరు క్యాబిన్ తలుపులు రెండూ తెరిచి, కాళ్లు బయటికి చాపి కునుకు తీస్తారు. కొత్త లారీ ఉన్నవారు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని నిద్రపోతారు. రాత్రంతా బండి నడిపి వచ్చినవాళ్లు, మళ్లీ రాత్రికి నడపాల్సినవాళ్లు వీళ్లు.

వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకుని, పైన సోలార్ పలక బిగించుకుని దేశం తిరిగే యువత వీడియోలు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. పర్యాటకుల కోసం కారవాన్ విధానాలు కూడా వచ్చాయి. మహారాష్ట్ర, కేరళ 2021లోనే వాటిని ప్రకటించాయి. అయితే మన దేశంలో బండినే ఇల్లు చేసుకుని బతికేవాళ్లలో అత్యధికులు లారీ డ్రైవర్లు, క్లీనర్లు. నెలలో ఇరవై రోజులు వాళ్ల వంట, నిద్ర, ఇంటికి ఫోన్ చేసుకోవడం అన్నీ ఆ క్యాబిన్‌లోనే. సరదాకు తిరిగే బండికి విధానం ఉంది. బతుకుతెరువు కోసం తిరిగే బండి ఆగి ఉన్నప్పుడు అందులోని మనిషికి కరెంటు ఎక్కడి నుంచి రావాలన్నది మాత్రం ఇంకా ఎవరూ పట్టించుకోని ప్రశ్నే.

వచ్చిన నిబంధన, వదిలేసిన సగం

కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. మూడున్నర టన్నుల నుంచి పన్నెండు టన్నుల దాకా బరువున్నవి ఎన్2, అంతకు మించినవి ఎన్3. అంటే మనం లారీ అని పిలిచేవి దాదాపు అన్నీ దీని కిందికి వస్తాయి. నలభై మూడు, నలభై ఏడు డిగ్రీల వేడిలో డ్రైవర్లు బండి నడుపుతున్నారని, వాళ్ల పరిస్థితిని మనం ఊహించుకోవాలని మంత్రి నితిన్ గడ్కరీ అంతకుముందు బహిరంగంగానే అన్నారు. ఇది మంచి నిర్ణయం. ఇంకా ముందే రావలసిన నిర్ణయం.

కానీ లారీ ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టు మీద నడుస్తుంది. తాళం తిప్పి ఇంజిన్ ఆపితే చల్లదనమూ ఆగుతుంది. అంటే ఈ నిబంధన బండి నడిపే మనిషికి పనికొస్తుంది, బండిలో పడుకునే మనిషికి కాదు. అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ నిద్ర దగ్గరే. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో నిద్రలేమి వాటా ఎంతన్నది పోలీసు రికార్డులకు సరిగా ఎక్కదు. అయితే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన సర్వేలో, అలసటగా ఉన్నా, నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతామని దాదాపు సగం మంది లారీ డ్రైవర్లు చెప్పారు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇంజిన్ పరిమాణాన్ని బట్టి, ఏసీ భారాన్ని బట్టి నిలబడి ఉన్న లారీ గంటకు ఒకటిన్నర నుంచి మూడు లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా ఎనిమిది గంటల నిద్రకు పన్నెండు లీటర్లు. లీటరు రూ.95 అనుకున్నా రూ.1,100 పైమాటే. చాలామంది యజమానులు ట్రిప్పుకు ఇంత డీజిల్ అని లెక్కగట్టి ఇస్తారు. దాటితే డ్రైవర్ బత్తాలోంచే పోతుంది. ఒక పూట నిద్రకు వెయ్యి రూపాయలు పెట్టే డ్రైవర్ ఎవరు? పైగా పక్కపక్కన ఆగిన లారీల పొగ క్యాబిన్‌లోకి చేరితే ప్రాణానికే ముప్పు.

ఎంత కరెంటు కావాలి?

సోలార్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పలక దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది వాడకం దగ్గర. క్యాబిన్‌లో 20 వాట్ల చిన్న ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 320 వాట్-అవర్లు. ఐదు వాట్ల ఎల్‌ఈడీ దీపం నాలుగు గంటలకు 20. రెండు ఫోన్లకు మరో 30. మొత్తం 370. ఇంటి మీటరు భాషలో చెప్పాలంటే యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ.

దీనికి 150 వాట్ల పలక ఒకటి చాలు. క్యాబిన్ పైకప్పు మీద అది సరిపోతుంది. పలకను ఇంటి మీదలా దక్షిణానికి వాల్చి పెట్టే వీలు ఇక్కడ లేదు, బల్లపరుపుగానే ఉంచాలి. పైగా దుమ్ము, వేడి. ఇవన్నీ తీసేసినా మంచి ఎండ ఉన్న రోజున 500 వాట్-అవర్ల దాకా వస్తుంది. వానాకాలంలో అది సగానికి పడిపోవచ్చు. నిల్వకు 24 వోల్టుల, 25 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి కావాలి. అందులో 640 వాట్-అవర్లు పడతాయి. లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి అంతే వాడకానికి దాదాపు రెట్టింపు సామర్థ్యం పెట్టుకోవాలి. మధ్యలో ఒక ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీని ఆనుకునే ఒక ఫ్యూజు. మంచి సరుకే తీసుకున్నా అంతా కలిపి రూ.30 వేల లోపు అయిపోతుంది.

లారీలో ఇప్పటికే రెండు పెద్ద బ్యాటరీలు ఉన్నాయి కదా, వేరేది ఎందుకని ఆటోనగర్‌లో ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంచి కండిషన్‌లో ఉన్న లారీ బ్యాటరీలకు ఒక రాత్రి రెండు ఫ్యాన్లు తిప్పడం పెద్ద భారం కాదు. చిక్కు వచ్చేది అన్‌లోడింగ్ కోసం పోర్టు గేటు దగ్గరో, మార్కెట్ యార్డు బయటో మూడు నాలుగు రోజులు నిలబడినప్పుడు. ఆ బ్యాటరీలను చేసిందే సెల్ఫ్ కొట్టినప్పుడు కొన్ని సెకన్లపాటు భారీగా కరెంటు ఇవ్వడానికి. గంటల తరబడి కొద్దికొద్దిగా లాగితే, మళ్లీ మళ్లీ ఖాళీ చేస్తే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. పాతబడ్డ బ్యాటరీ అయితే మూడో రోజు పొద్దున బండి స్టార్ట్ కాదు. ఆ భయంతోనే చాలామంది డ్రైవర్లు ఉన్న ఫ్యాన్‌ను కూడా ఆపేసి పడుకుంటారు. రెండో బ్యాటరీ వేరుగా ఉంటే అది పూర్తిగా అయిపోయినా బండి స్టార్ట్ అవుతుంది.

ఇంకో విషయం. పెద్ద నగరాల్లో భారీ సరుకు వాహనాలకు పగటిపూట ప్రవేశం ఉండదు. అందుకని రాత్రి నడిపి పగలు పడుకునే డ్రైవర్లు చాలామంది. సోలార్‌కు ఉన్న పెద్ద లోపం, అవసరం రాత్రి, ఉత్పత్తి పగలు కావడం. పగలు నిద్రపోయే డ్రైవర్ విషయంలో ఆ లోపం చాలావరకు పోతుంది. ఫ్యాన్ నేరుగా పలక నుంచే తిరుగుతుంది. పైగా పలకకూ కప్పుకూ మధ్య గాలి ఆడేలా కాస్త ఎత్తులో బిగిస్తే క్యాబిన్ రేకుకు అదే నీడ.

ఏసీకి మాత్రం లెక్క మారుతుంది

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. క్యాబిన్ మీది పలకతో ఏసీ నడవదు. ఇంజిన్ లేకుండా బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీలు మార్కెట్‌లో ఉన్నాయి. అవి సగటున 500 వాట్లు తీసుకుంటాయనుకుంటే ఎనిమిది గంటలకు 4 యూనిట్లు. ఫ్యాన్ల లెక్కకు పది రెట్లకు పైనే. దానికి 1,200 వాట్ల పలకలు, ఐదారు చదరపు మీటర్ల చోటు కావాలి. క్యాబిన్ కప్పు అందులో సగం ఉంటే గొప్ప. 32 అడుగుల కంటైనర్ లారీకైతే పైన 24 చదరపు మీటర్ల దాకా చోటు ఉంది, నాలుగో వంతు సరిపోతుంది. ధాన్యం, ఇసుక, ఇనుము మోసే ఓపెన్ బాడీ లారీకి పైన ఉండేది టార్పాలిన్ పట్టానే. ట్రైలర్‌ది ఇంకో తంటా. ఈరోజు తగిలించిన ట్రైలర్ రేపు ఇంకో బండికి పోతుంది.

ఆ బళ్లకు దారి ఇంజిన్ దగ్గరే ఉంది. బండి నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది. దాని నుంచి డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా గంటకు 700, 800 వాట్ల చొప్పున రెండో బ్యాటరీకి పంపితే ఐదారు గంటల ప్రయాణంలో ఆ 4 యూనిట్లు నిండుతాయి. ఇదేమీ ఉచితం కాదు, అదనంగా రెండు లీటర్ల డీజిల్ దాకా ఖర్చవుతుంది. కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకుంటే పోయే పన్నెండు లీటర్లతో పోల్చి చూడండి. పెద్ద బ్యాటరీ, పార్కింగ్ ఏసీ కలిసి లక్ష రూపాయలు దాటుతాయి కాబట్టి ఒక్క బండి ఉన్న చిన్న యజమాని వెంటనే పెట్టలేడు. రెండు ఫ్యాన్లు, ఒక దీపం, ఒక పలక మాత్రం ఇవాళే సాధ్యం. సోలార్ అంటే అంతా ఉచితం అని అమ్మేవాళ్ల మాట నమ్మి, క్యాబిన్ పలకతో ఏసీ నడుస్తుందనుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

బిగించడంలోనూ జాగ్రత్త తప్పదు. వైర్లు రేకు గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు కవచం ఉండాలి. లేకపోతే గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి ఇన్సులేషన్ కోసుకుపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి దూరంగా పెడితే ఆ మధ్య వైరు షార్ట్ అయినప్పుడు ఆపే నాథుడు ఉండడు. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీని మనిషి పడుకునే చోట పెట్టకూడదు. ఛార్జింగ్‌లో దాని నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అదే క్యాబిన్‌లో గ్యాస్ స్టవ్వు కూడా వెలుగుతుందని మరచిపోవద్దు.

చట్టం చూడాల్సిన చోటు

ఇన్నాళ్లూ ఇది జరగకపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయకూడదు. క్యాబిన్ మీద బిగించిన పలక మార్పు కిందికి వస్తుందా, అదనపు పరికరం కిందికి వస్తుందా అన్నది రోడ్డు మీద ఆపిన అధికారి చెప్పినట్టే. మూడు రాష్ట్రాలు దాటే లారీకి ఒకచోట చెల్లింది ఇంకోచోట చలానా కావచ్చు. ఇంత బరువు మించకుండా, ఇలా బిగించి, ఇలాంటి ఫ్యూజుతో పెడితే అనుమతి అవసరం లేదని కేంద్రం ఒక్క స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే ఈ భయం పోతుంది. దానికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు లేదు.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకం ఇంటి కప్పు మీది సోలార్‌కు రూ.78 వేల దాకా సబ్సిడీ ఇస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రెండూ మంచివే. కానీ మొదటిది కరెంటు కనెక్షన్ ఉన్న ఇంటికే. నెలలో ఇరవై రోజులు ఇంటికి దూరంగా ఉండే మనిషికి అది చేరదు.

విశ్రాంతి గదుల మాట కూడా ఉంది. పెట్రోలు బంకుల దగ్గర చమురు సంస్థలు 'అప్నా ఘర్' పేరుతో పెట్టిన కేంద్రాలు 2025 జులై నాటికి 368. వాటిలో మంచాలు 4,611. లక్షల లారీలు తిరిగే దేశంలో ఇది ఏ మూలకు? ఇంకా పెంచాల్సిందే. ఎన్ని కట్టినా, సరుకు, టైర్లు, ట్యాంకులోని డీజిల్ ఎవరు ఎత్తుకుపోతారోనన్న భయం ఉన్నంతకాలం చాలామంది బండి వదిలి వెళ్లరు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో అది కలిసిపోయింది. చట్టం పేరు మారినా డ్రైవర్ పడుకునే చోటు మారలేదు.

రేపటి విద్యుత్ లారీలకు ఈ సమస్య అంతగా ఉండదు. వాటి బ్యాటరీ ముందు ఒక రాత్రి ఏసీ వాడకం పెద్ద లెక్క కాదు. పీఎం ఈ-డ్రైవ్ కింద 2025 జులైలో కేంద్రం వాటికి బండికి రూ.9.6 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. లక్ష్యం సుమారు 5,600 లారీలు. డీజిల్ లారీలు ఇంకా పది పదిహేనేళ్లు మన రోడ్ల మీద ఉంటాయి, ఇవాళ షోరూమ్ నుంచి బయటికొస్తున్న ఏసీ లారీలతో సహా.

కాబట్టి ఏసీ నిబంధనకు ఒక్క వాక్యం చేర్చాలి. కొత్త లారీకి ఏసీతో పాటు, ఇంజిన్ ఆగినప్పుడు క్యాబిన్‌కు మాత్రమే పనిచేసే రెండో బ్యాటరీ, దానికి ఆల్టర్నేటర్ నుంచి, సోలార్ పలక నుంచి ఛార్జింగ్ అందే ఏర్పాటు కంపెనీ నుంచే రావాలి. పాత లారీలకు బిగించుకునే ప్రమాణాలు ప్రకటించాలి. లారీలు ఆగే టెర్మినళ్లలో, టోల్ ప్లాజాల పక్కన ఆ బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టుకునే పాయింట్లు ఉండాలి. వచ్చే మే నెలలోపు కనీసం ఆ అనుమతి ఉత్తర్వైనా వస్తే, ముప్పై వేలు పెట్టగల యజమానులు మొదలుపెడతారు. ఆ లారీ మన కారు వెనకే వస్తూ ఉంటుంది. దాని స్టీరింగ్ వెనక ఉన్న మనిషి ఆ పగలు కంటినిండా నిద్రపోయాడా లేదా అన్నది మనకూ సంబంధించిన విషయమే.