బిళ్లకు అన్నీ తెలుసు

ఫోను మోగుతుంటుంది. ఆయన సీట్లో ఉండడు. పక్క గదిలో ఉన్నాడేమోనని ఒకరు, క్యాంటీన్‌కి వెళ్లాడేమోనని ఇంకొకరు వెతుకుతారు. తీరా ఆయన పరుగున వచ్చేసరికి అవతలివాళ్లు పెట్టేస్తారు. సెల్‌ఫోన్లు చేతికి రాని రోజుల్లో ఏ ఆఫీసులోనైనా ఇదే తంతు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఒలివెట్టి పరిశోధనశాల దీనికో ఉపాయం కనిపెట్టింది. అదే యాక్టివ్ బ్యాడ్జి.

చొక్కాకి తగిలించుకునే చిన్న బిళ్ల అది. టీవీ రిమోట్‌లో ఉండే లాంటి పరారుణ కిరణాలతో ప్రతి 15 సెకన్లకోసారి 'నేనిక్కడున్నా' అని సంకేతం పంపుతుంది. గదిగదికీ అమర్చిన సెన్సర్లు దాన్ని పట్టుకుని కంప్యూటర్‌కి చేరవేస్తాయి. ఈ కిరణాలు గోడ దాటలేవు. కాబట్టి సంకేతం ఏ గదిలో అందితే మనిషి ఆ గదిలో ఉన్నట్టే. ఎవరికి ఫోనొచ్చినా రిసెప్షనిస్టు తెరమీద చూసి, వాళ్లకు దగ్గర్లో ఉన్న ఫోనుకే కలిపేవారు. రాయ్ వాంట్, ఆండీ హాపర్ తదితరులు 1992లో ఈ వివరాలు ప్రచురించారు.

గదికో బోర్డు

అదే సమయంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, జిరాక్స్ కంపెనీ పార్క్ పరిశోధనశాలలో మార్క్ వైజర్ ఇంకాస్త పెద్ద కల కంటున్నాడు. కంప్యూటర్ ముందు మనిషి కూర్చోవడం కాదు, మనిషి చుట్టూ కంప్యూటర్లే సర్దుకోవాలన్నది ఆయన ఆలోచన. దానికి 'యుబిక్విటస్ కంప్యూటింగ్' అని పేరు పెట్టాడు. అంటే అంతటా ఉండే కంప్యూటింగ్. అరచేతిలో పట్టేవి, పుస్తకమంతవి, గోడకు వేలాడేవి... ఇలా మూడు సైజుల్లో పరికరాలు తయారుచేయించాడు. రాయ్ వాంట్ కూడా కేంబ్రిడ్జి నుంచి అక్కడికే చేరాడు.

మరి ఇన్ని కంప్యూటర్లు మనుషులతో కలిసి ఎలా పనిచేయాలి? బిల్ షిలిట్, నార్మన్ ఆడమ్స్, వాంట్ 1994లో దీనికి దారి చూపారు. సాఫ్ట్‌వేర్ మూడు సంగతులు తెలుసుకోవాలన్నారు: మీరెక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, దగ్గర్లో ఏమున్నాయి. ఇలా సందర్భం ఎరిగి నడుచుకునే సాఫ్ట్‌వేర్‌నే 'కాంటెక్స్ట్ అవేర్' అంటున్నారు.

ఉదాహరణకి, ఒక గదిలో చేరిన నలుగురి చేతి పరికరాల్లోనూ ఆ గదికి చెందిన బోర్డు దానంతటదే తెరుచుకుంటుంది. ఒకరు గీసింది అందరికీ కనిపిస్తుంది. గది మారితే బోర్డూ మారుతుంది. తిరిగొస్తే పాత బోర్డు వదిలేసిన చోటి నుంచే మొదలు. ఫైలు వెతకడాలూ, పంపుకోవడాలూ లేవు. దీని వెనక ఉన్నది 'ఇలా జరిగితే అలా చెయ్యి' అనే చిన్న చిన్న నియమాలే. కాఫీ మిషన్‌కీ ఓ బిళ్ల తగిలించారు. ఎవరైనా కాఫీ కలిపితే చాలు, కంప్యూటర్ కోడికూత వినిపించేది!

అసలు చిక్కు

అంతా బాగానే ఉంది గానీ, బిళ్లను బల్లమీద మర్చిపోయి వెళ్తే? మనిషి అక్కడే ఉన్నాడని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. ఇద్దరు ఒకే గదిలో ఉన్నారనీ చెప్పగలదు. కబుర్లాడుకుంటున్నారో, ఒకరి కష్టం ఇంకొకరు వింటున్నారో మాత్రం చెప్పలేదు. ఆ సమయంలో ఫోను మోగించాలా వద్దా? ఇంట్లో పెద్దావిడైతే గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి వెనక్కి తిరుగుతుంది. ఆ ఒక్క చూపునే యంత్రానికి నేర్పడం కష్టం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. గడచిన గంటలో ఫలానా ఆయన ఎక్కడెక్కడ తిరిగాడని అడిగినా కేంబ్రిడ్జి కంప్యూటర్ చెప్పేది. ఫోను కలపడానికి పనికొచ్చే సమాచారమే కాపలా కాయడానికీ పనికొస్తుంది. ఈ విద్య తెచ్చే సమస్యల్లో ముఖ్యమైనది వ్యక్తిగత గోప్యతేనని వైజర్ 1991లోనే రాశాడు. తన కల ఇంటింటికీ చేరడం చూడకుండానే, 1999లో 46 ఏళ్లకే కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ బిళ్ల ప్రతి జేబులోనూ ఉంది, ఫోను రూపంలో. రాత్రి బస్సెక్కిన అమ్మాయి ఎంతవరకు వచ్చిందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపేటప్పుడు పావుగంటా, గంటా, ఎనిమిది గంటలా అని అడుగుతుంది. చూపించేవారే గడువు పెడతారు. గడువు తీరితే అదే ఆగిపోతుంది. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో ఉండాల్సిన మర్యాద ఇదే. నలుగురినీ కలిపే పనిలో, ఎవరి సంగతి ఎవరికి, ఎంతసేపు తెలియాలన్నది ఆ మనిషే నిర్ణయించుకోవాలి.

కేంబ్రిడ్జిలో వద్దనుకుంటే బిళ్ల తీసి సొరుగులో పెడితే సరిపోయేది. చెల్లింపులూ, టికెట్లూ, కబుర్లూ అన్నీ అందులోనే ఉన్న ఫోనును అలా పెట్టేయడం ఎంతమందికి కుదురుతుంది? అందుకే అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరాక, ఆ చుక్కను చూడటం ఆపేయడం పెద్దవాళ్లు నేర్చుకోవాల్సిన నియమం.