టైపు రాయకపోయినా జావాకు ఎలా తెలుస్తుంది?

పెండ్లిమర్రి హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న మేము తమ్ముళ్ళకూ, తోటి పూర్వ విద్యార్థులకూ ఒక మాట చెప్పదలచుకున్నాము.

ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో మాలో ఒకడు జావా ప్రోగ్రాము తప్పు లేకుండా రాశాడు. "ఈ జెనెరిక్ మెథడ్‌ను పిలిచినప్పుడు టైపు రాయలేదు కదా, కంపైలర్‌కు ఎలా తెలిసింది?" అని అడిగారు. "అట్లే రాయాలని నేర్పారు సార్" అన్నాడు. ఆ ఉద్యోగం రాలేదు.

జవాబు కష్టమైనదేమీ కాదు. ఏ టైపుకైనా పనికొచ్చేదే జెనెరిక్ మెథడ్. 2004లో జావా 5తో వచ్చింది. లిస్టులోని మొదటి వస్తువును ఇచ్చే మెథడ్‌లో టైపుకు బదులు 'టి' అని రాస్తాము. దానికి స్ట్రింగుల లిస్టు ఇస్తే, 'టి' అంటే స్ట్రింగ్ అని కంపైలర్ తేల్చుకుంటుంది. మెస్సులో మూత తీసి చూసి ఇది సాంబారు గిన్నె అన్నట్లే.

మరి గిన్నె ఖాళీగా ఉంటే? కలెక్షన్స్ క్లాసులోని ఎంప్టీలిస్ట్ మెథడ్ అలాంటిదే, దానికి మనం ఏమీ ఇవ్వము. అప్పుడు ఆ గిన్నె ఎక్కడికి పోతోందో చూడాలి. స్ట్రింగుల లిస్టుగా ప్రకటించిన వేరియబుల్‌లో పెడితే జావా 5 కూడా గ్రహించేది. స్ట్రింగుల లిస్టు కోరే మరో మెథడ్‌కు నేరుగా అందిస్తే మాత్రం, జావా 7 వరకు ఆబ్జెక్టుల లిస్టు అనుకొని ఎర్రర్ చూపేది. చుక్క తర్వాత కోణపు బ్రాకెట్లలో స్ట్రింగ్ అని మనమే రాయవలసి వచ్చేది. 2014లో వచ్చిన జావా 8 ఆ చోటును కూడా చూస్తుంది. అందుకే పాత పుస్తకంలో ఒకటి, కొత్త ల్యాబులో మరొకటి కనబడి మనం తికమకపడతాము.

ఎర్రర్ వస్తే ఎడిటరే చూపిస్తుంది కదా అంటారు కొందరు. ఇంటర్వ్యూ గదిలో కాగితమూ పెన్నే ఉంటాయి. అందుకే నేర్చుకునేటప్పుడు ముందు టైపును చేత్తో రాసి, తర్వాత తీసేసి, కంపైలర్ ఏమంటుందో చూడాలని మా అభిప్రాయం.

గైడు బట్టీ పట్టి పది గట్టెక్కాము. ఆ అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. అడిగితే చెప్పేవారు మన ఇళ్ళలో తక్కువ, మనకు మనమే దిక్కు. సెలవులకు వచ్చే అన్నలు ఒక ఆదివారం ల్యాప్‌టాప్‌తో హాస్టలుకు వచ్చి తమ్ముళ్ళ పక్కన కూర్చోవాలని కోరుతున్నాము. మేమూ వస్తాము.